తెల్లపంచె మీద గంటసేపు

ఒక్క నూనె చుక్క కారి పడినా సరే, నా బిడ్డా నా మనవడూ ఈ బండెక్కరు అని దావీదు మామ పది గంటలకు ఖరాఖండిగా చెప్పేశాడు. చెప్పి ఊరుకుంటే ఆయన దావీదు మామ ఎందుకవుతాడు? ముప్పై ఏళ్ళు ఆళ్ళగడ్డ మిషను బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పి, ఏ ఒక్కడి మాటా నమ్మకుండా రిటైరైన మనిషి. లోపలికి పోయి, ఆదివారం గుడికి తప్ప పెట్టెలోంచి బయటికి తీయని తెల్లపంచె తెచ్చి, కారు ఇంజను కింద వాకిట్లో పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. బల్లమీది గడియారం తెచ్చి పదకొండుకు అలారం తిప్పి కారు మెట్టు మీద కూర్చోబెట్టాడు. తాను కుర్చీ వేసుకుని పరీక్షకు కాపలా ఉన్నట్టు కూర్చున్నాడు. ఇక అల్లుడు జకరయ్య ఏం చేస్తాడు? నంద్యాలలో మెకానిక్కు జకరయ్య అంటే లారీలవాళ్ళు కూడా గౌరవంగా అన్నా అంటారు గానీ, ఈ వాకిట్లో అతను పరీక్ష రాసే పిల్లవాడే. చాప వేసుకుని బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, పంచెకేసి చూస్తున్నాడు. పెళ్ళాం జీవమ్మనూ, మూడునెలల కొడుకునూ నంద్యాలకు తీసుకుపోదామని తెల్లారకముందే బయల్దేరి వచ్చినవాడు, కొడుకును ఇంకా ఎత్తుకోను కూడా లేదు. ముందు పంచె, తర్వాత పిల్లోడు అన్నాడు మామ.

తెలుపు ఇంత తెల్లగా ఉంటుందని జకరయ్యకు ఇన్నాళ్ళూ తెలియదు. దాని పైన జానెడు ఎత్తులో చాంబరు, నల్లగా, ఇంజను నూనె అంతా కడుపులో పెట్టుకుని. దాని చుట్టూ బోల్టులు, ఒక్కొక్కటీ తాను బిగించిందే, మూడుసార్లు ఊడదీసి మూడుసార్లు బిగించిందే, చీకట్లో తడిమి ఏది ఏదో చెప్పగలడు. కిరసనాయిలుతో తుడిచి తుడిచి వేళ్ళ తోలు ఊడింది. మొదటి పావుగంటా ఇంజను ఆడిస్తూనే ఉంచాడు, అది తాను పెట్టుకున్న షరతే, ఎందుకంటే తిరుగుతూ కారేది తిరిగేటప్పుడే కారుతుంది, ఆగి కారేది ఆగాకే కారుతుంది, మామను మోసం చేసి బిడ్డను తీసుకుపోవడం అతనికి అక్కర్లేదు. ఇప్పుడు ఇంజను ఆగింది, వేడి ఇనుము టిక్కు టిక్కుమంటోంది, గడియారం కూడా టిక్కు టిక్కుమంటోంది, ఏది ఏదో తెలియడం లేదు. లోపల పిల్లవాడు ఏదో అన్నాడు. ఏడుపు కాదు, మాటా కాదు, ఊ అని ఒక ముక్క. జకరయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే మామ ఏమంటాడోనని పెదవి కొరుక్కున్నాడు.

ఇదే బండి. నంద్యాల వకీలు వరదరాజులు గారిది, యుద్ధం ముందర కొన్నది. ఇదే బండిలో మే నెలలో ఏడోనెల కడుపుతో జీవమ్మను పుట్టింటికి తెచ్చాడు, తెచ్చాడూ అంటే తేలేకపోయాడు. శిరివెళ్ళ దగ్గర వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద నల్లటి గీత, నంద్యాల నుంచి ఒకటే గీత, దారి తప్పకుండా గీసుకుంటూ వచ్చినట్టు. నూనె చుక్క మిగల్లేదు. ఇంజను ఒక్కసారి మూలిగి నిలబడిపోయింది. ఆ ఎండలో జీవమ్మ వేపచెట్టు కింద కూర్చుని, మూట విప్పి, జొన్నరొట్టె తుంచి గోంగూర అద్దుకుని తింటూ, నువ్వూ తిను, నీ బండి తినకపోతే నువ్వూ తినవా, అని నవ్వింది. ఆ నవ్వుకే కదా తాను పడిపోయింది, ఆరేళ్ళ కిందట, గుడి మెట్ల మీద. చివరికి ఒక రైతు ఎద్దులబండి ఎక్కి వచ్చింది. దావీదు మామ నవ్వలేదు. గడపలోనే నిలబడి, "మోటారులో తెస్తామన్యోళ్ళకు మోటారులోనే తెచ్చేది చాతగావాల" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట జకరయ్య చెవిలో అయిదు నెలలు ఈగలా తిరిగింది. జూలైలో కొడుకు పుట్టినప్పుడు బస్సులో వచ్చి చూసి బస్సులో పోతూ, మళ్ళీ వస్తే ఆ బండిలోనే వస్తా మామా, ఆ బండిలోనే తీసకపోతా, అన్నాడు. రోషం మరి.

నూనె కారకుండా ఆపే పాత సీళ్ళన్నీ అరిగిపోయాయి, కొత్తవి మద్రాసులో కూడా లేవు, యుద్ధం అయిపోయి ఏడాదైనా సామాను రాలేదు. అప్పుడు మత్తయి దగ్గరికి పోయాడు. బావుల్లోంచి నీళ్ళు తోడే కపిల బానలు కుట్టే మత్తయి, తోలును చేత్తో పట్టుకుని అది ఏ ఎద్దుదో చెప్పేటంత మనిషి. ఆ బాన తోలునే సన్నగా కోసి, రెండు రాత్రులు ఆముదంలో నానబెట్టి, ఇంజను ఇరుసుకు గాజులా ఇరికిస్తే ఎంత ముచ్చటగా కూర్చుందో! చాంబరు అంచుకు బెండు పట్టీ. అంతా అయ్యాక జకరయ్యకు ఎంత మురిపెమంటే ఇంజనును ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. సరిగ్గా ఆ రోజే జీవమ్మ ఉత్తరం వచ్చింది. దాని చివర రాసింది కదా, ఇంత కష్టపడి బాగుచేస్తాండావంట, దుమ్ము పోనీయొద్దు, మూతి ఉన్నదానికల్లా వాసెన కట్టాల, మా అమ్మ ఊరగాయ జాడీకి కట్టినట్టు. నిజమే కదా! ఇంజను పక్కన నూనె పోసే గొట్టం నోరు తెరుచుకుని ఉంది, దాని మూత యుద్ధం మొదట్లోనే ఎక్కడో రాలిపోయింది. జీవమ్మ పాతచీర ఇంట్లో ఉంటే కొంగు చింపాడు. ఒక మడత చాలుతుందా, నంద్యాల దుమ్ముకు? నాలుగు మడతలు వేశాడు. పురికొస నాలుగు చుట్లు చుట్టి బిర్రుగా కట్టాడు. కడుతుంటే జీవమ్మ పక్కనే ఉన్నట్టనిపించింది, ఒంటరి ఇంట్లో ఆ సాయంత్రం అన్నం కూడా రుచిగా ఉంది.

"ఉష్! ఉష్!" అని దావీదు మామ కేక. జకరయ్య ఉలిక్కిపడి చూస్తే, నల్లకోడి ఒకటి పంచె అంచు మీద కాలు పెట్టి, తల వంచి, ఇదేమిటన్నట్టు చూస్తోంది.

"కోడిని తోలబ్బీ! అది ఏమన్నా చేస్తే నువ్వు దాని మీదకు తోస్తావ్."

"నేనెందుకు తోస్తా మామా. కోడిది కోడిదే, నాది నాదే."

లోపల్నుంచి అత్త సారమ్మ గొంతు వచ్చింది. "ఆ కోడి చెల్లెలు ఈడ పొయ్యి మీదుంది. బేగా ముగించండప్పా మీ పరీచ్చ!" మసాలా నూరిన వాసన వాకిలంతా కమ్మేసింది. అత్త కోడిని కోసిందంటే ఆమె మనసులో తీర్పు అయిపోయినట్టే. ఆడవాళ్ళు ఇంతే, మగవాళ్ళు గడియారం పెట్టుకుని కూర్చునేసరికి వాళ్ళు మూటలు కట్టేసి ఉంటారు. గడపలో జీవమ్మ కనిపించింది, మనిషి కాదు, కొంచెం చీర అంచు, ఆ పైన ఒక చిన్న పాదం. పిల్లవాడి పాదాన్ని పట్టుకుని గాల్లో ఊపుతోంది, దా, దా, అన్నట్టు. అరికాలు ఎంత ఎర్రగా ఉంది! జకరయ్య అటు చూస్తే మామ దగ్గాడు. మళ్ళీ పంచె. తెల్లగా ఉంది. దేవుడా, ఇంకా తెల్లగానే ఉంది.

అట్లా వాసెన కట్టిన ఇంజను మూడో రోజుకే కారింది. ముందు ఇరుసు దగ్గర, తర్వాత చాంబరు అంచున, తర్వాత ఎక్కడ చూస్తే అక్కడ. పాత సీళ్ళున్నప్పుడే నయం అన్నారు వకీలు గారు, కొట్టంలో కారిన నూనె మీద ఇసుక పోయించుకుంటూ. ఊడదీశాడు, కొత్త తోలు వేశాడు, వాసెన భద్రంగా మళ్ళీ కట్టాడు. మళ్ళీ కారింది. ఇంకోసారి ఊడదీశాడు, బెండు మార్చాడు, వాసెన మళ్ళీ కట్టాడు. మళ్ళీ కారింది! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పోయి మత్తయి మీద పడ్డాడు. నీ తోలు ముసలి ఎద్దుది, నీ ఆముదం కల్తీది, నీ కత్తికి పదును లేదు. నోటికొచ్చినవన్నీ అన్నాడు, ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. మత్తయి చేతిలోని తోలు పక్కన పెట్టాడు. "కోపంలో కడుపు కాలతాంటాది. కూచ్చో, కుడుములు తిని పో" అన్నాడు. ఎంత మంచివాడు మత్తయి! ఈసారి పిల్లవాణ్ణి మొదట చూపించేది అతనికే.

ఆ కుడుములే. మత్తయి పెళ్ళాం లూదియా పొయ్యి మీద కుండలో నీళ్ళు మరగబెట్టి, కుండ మూతికి వాసెన గుడ్డ కట్టి, గుడ్డ మీద కుడుములు పేర్చి, పైన ఇంకో కుండ బోర్లించింది. ఆవిరి గుడ్డలోంచి పైకి రావాలి, కుడుములు ఉడకాలి. వస్తే కదా! గుడ్డ పొట్టలా ఉబ్బింది, కుండ మెడ చుట్టూ కట్టిన తాడు కిందినుంచి బుస్సు బుస్సుమని నీళ్ళు చిమ్ముతున్నాయి, పొయ్యి ఆరిపోయేటట్టుంది. లూదియా నెత్తి కొట్టుకుంది. "నిన్నటి గుడ్డ ఉతక్కుండా కట్టినా. పిండి ఎండిపోయి కన్నాలన్నీ మూసుకపోయినాయి. పైకి దారి లేకపోతే పక్కల్నుంచి తన్నుకోనొస్తాది, ఇంకేం జేస్తాది?" జకరయ్య చేతిలో నీళ్ళ చెంబు అట్లాగే ఉండిపోయింది. పైకి దారి లేకపోతే. పక్కల్నుంచి. నూనె పోసే గొట్టం నూనె పోయడానికే అనుకున్నాడు ఇన్నేళ్ళూ, అది ఇంజను ఊపిరి వదిలే ముక్కు కూడా కదా! లోపలి వేడిగాలి పోవడానికున్న దారి అదొక్కటే కదా! దానికి నాలుగు మడతలు, పైన దుమ్మూ నూనే కలిసి తారులా గడ్డకట్టి. బిడ్డను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మూడుసార్లు ఇంజను కడుపు కోసి చూశాడు, ముక్కు మూసింది తానే. చెంబు కింద పెట్టి పరుగు. వెనకనుంచి మత్తయి, కుడుములో, కుడుములో, అని అరుస్తూనే ఉన్నాడు. పురికొస తెగ్గోసి వాసెన లాగితే అది చెప్పులా బిరుసుగా ఊడొచ్చింది. దాని బదులు ఇత్తడి జల్లెడ ముక్క ఒకటి కత్తిరించి పెట్టాడు, గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది. మత్తయి తోలు మార్చలేదు, అదే తోలు, అదే బెండు. వారం రోజులు ఆడించాడు. ఇసుక మీద ఒక్క మచ్చ పడితే ఒట్టు. పో, ఆళ్ళగడ్డ దాకా తోలి చూడు, నీ పెళ్ళాన్ని కూడా తెచ్చుకో, అని వకీలు గారు తన రేషను పెట్రోలు కూపన్లు తీసిచ్చారు.

ఈ పొద్దు దారి ఎట్లా వచ్చింది! ఎడమ పక్క నల్లమల నీలంగా, కుడిపక్క జొన్నచేలు మోకాలెత్తు లేచి, మంచు తడి ఆరక. శిరివెళ్ళ దగ్గర ఆ వేపచెట్టు కిందే ఆపి, దిగి, వెనక్కి నడిచి చూశాడు. గీత లేదు. రోడ్డు రోడ్డులాగే ఉంది. అక్కడ ఎవరూ లేరని చూసుకుని, ముప్పై రెండేళ్ళ మనిషి, రోడ్డు మధ్యలో చిన్న గంతు వేశాడు. గంతు వేసి మళ్ళీ బుద్ధిగా బండెక్కాడు.

ఇక్కడ, మామ వాకిట్లో, పంచె మీంచి కళ్ళు పైకెత్తి అప్పుడు చూశాడు. చాంబరు వెనకవైపు, మూల బోల్టు కింద, ఏదో మెరుస్తోంది. ఇందాక లేదు. ఆవగింజంత. కాదు, కందిగింజంత. బోల్టు అంచు పట్టుకుని వేలాడుతోంది, పడనా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. గడియారంలో పదకొండుకు ఇంకా ఎనిమిది నిమిషాలు. ఉండు తల్లీ, ఎనిమిది నిమిషాలు పట్టుకోని ఉండు, తర్వాత నీ ఇష్టం. చెయ్యి చాపితే అందుతుంది. మామ అటు తిరిగి కోడిని చూస్తున్నాడు. వేలితో ఇట్లా తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది? వేలు కదిలింది కూడా, నిజం చెప్పాలంటే జానెడు దూరం పోయింది. ఈ వేలే మత్తయిని చూపించి నీ తోలుదే తప్పు అన్నది. ఆగింది. చుక్క పడింది. తెల్లపంచె మధ్యలో, నల్లగా, గుండ్రంగా, పొద్దున్నే పెట్టిన బొట్టులాగా.

"మామా" అన్నాడు జకరయ్య. "పడింది. ఒకటి పడింది."

కుర్చీ కిర్రుమంది. గడపలో పాదం ఊగడం ఆగిపోయింది. దావీదు మామ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, వంగి, వంగితే కనపడక, చివరికి ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద అల్లుడి పక్కన బోర్లా పడుకున్నాడు. ఇద్దరూ చుక్కకేసి చూశారు.

"యాడిదిది?"

"మూల బోల్టు. పాత నూనె చాంబరు అంచు సందులో ఉండిపోయింటాది మామా, ఎంత తుడిచినా. వేడికి కరిగి దిగింది. కొత్తగా కారేదైతే రెండోది పడతాది. పడకపోతే పాతదే. ఒక్క చుక్కన్నా పడగూడదంటివి. పడింది. నీ మాట నీది."

మామ లెక్కల పంతులు కదా, ఏదో కూడుతున్నట్టు పెదవులు కదిపాడు. "గంట కాలేదింకా" అన్నాడు చివరికి. "లెక్క చేసే దారి సరిగ్గా రాసినోనికి చివర్లో ఒక అంకె తప్పుపోతే నేనెప్పుడూ సున్నా పెట్టలేదు. రెండోది చూద్దాం."

చూశారు. మామా అల్లుళ్ళు, చెంపలు నేలకు ఆనించి, భుజం భుజం తగులుతూ. ఆరేళ్ళలో ఇంత దగ్గరగా ఎప్పుడూ లేరు. మామ దగ్గర సబ్బు వాసనా నశ్యం వాసనా కలిసి వస్తోంది, ఊపిరి పీలుస్తుంటే ముక్కు చిన్నగా ఈల వేస్తోంది. బోల్టు పొడిగా ఉంది. ఏడు నిమిషాలు. అయిదు. చీమ ఒకటి చుక్క దాకా వచ్చి, వాసన చూసి, చుట్టూ తిరిగి పోయింది. మూడు. బోల్టు పొడిగానే ఉంది. జకరయ్య లోపల ఏదో పొంగుతోంది, పక్కలనుంచి తన్నుకొచ్చేటట్టుంది, ఆపుకుంటున్నాడు. ట్రింగుమని గడియారం మోగింది. మెట్టు మీద ఎగిరెగిరి మోగింది. ఎవరూ దాన్ని ఆపలేదు, అదే మోగి మోగి అలిసి ఆగింది.

దావీదు మామ లేవలేదు. చుక్కకేసి చూస్తూనే, మెల్లగా, ఎవరికీ చెప్పనట్టు చెప్పాడు. "పడాలనే కోరుకుంటి అబ్బీ. పొద్దున్నించి దేవునికి అదే మొక్కుకుంటాండా. ఒక్క చుక్క పడితే సాలు, ఇంకొక నెల ఈడనే పెట్టుకోవచ్చని. నువ్వు పడింది అన్యావే, అప్పుడు నాకు సిగ్గయింది." కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు. "తెల్లార్జామున మూడు గంటలకు లేస్తాడు వాడు. మీ అత్త, జీవమ్మ నిద్రపోతాంటారు. నేనే ఎత్తుకుంటా. ఎక్కాలు చెప్తా. రెండో ఎక్కం చెప్తే నవ్వుతాడు, మూడో ఎక్కానికి నిద్రపోతాడు. ఇంగ ఆ జాముకు నేను ఎవురికి చెప్పాల?"

జకరయ్యకు ఆ క్షణాన మామ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అయిదు నెలలు చెవిలో తిరిగిన ఈగ ఎటు పోయిందో తెలియదు. ఎద్దులబండి మాట, గడప, రోషం, అన్నీ ఎగిరిపోయాయి. "నాకు రెండో ఎక్కం వరకే వస్తాది మామా" అన్నాడు. "నువ్వొస్తేనే వాడు నిద్రపోయేది."

అప్పుడే నెత్తి మీద భోం అని హారను. ఇద్దరూ ఒక్కసారి తలలెత్తి ఇద్దరూ కారు మెట్టుకు కొట్టుకున్నారు. జీవమ్మ ముందు సీట్లో కూర్చునే ఉంది, ఎప్పుడెక్కిందో! ఒళ్ళో పిల్లవాడి చేతిని రబ్బరు బుడ్డ మీద పెట్టి నొక్కిస్తోంది. "ఏందయ్యా, ఇద్దరూ ఆడ పండుకోని ముచ్చట్లు! గడియారం మోగి ఎంతసేపాయ! నాయనా, నువ్వు పంచెను చూస్తాండు, మేం పోతాండాం."

జకరయ్య దుమ్ము దులుపుకుంటూ లేచి, జేబులోంచి నల్లగా గడ్డకట్టిన గుడ్డముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, అంచున మిగిలిన ఒక్క నీలిపూవును గుర్తుపట్టింది. "ఇది నా చీర గదా!" అతను మొత్తం చెప్పాడు, ఉత్తరం, వాసెన, నాలుగు మడతలు, మూడుసార్లు కోసిన ఇంజను. వింటూ వింటూ జీవమ్మ నవ్వడం మొదలుపెట్టింది. వేపచెట్టు కింది నవ్వు. నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. "కట్టమన్యా గానీ, దాని ఊపిరి తీయమన్యానా? నేను లేకపోతే ఇంత పిచ్చోడివైపోతావా నువ్వు!"

"అయిపోతా" అన్నాడు జకరయ్య. అబద్ధమెందుకు? చేతులు చాపి కొడుకును అందుకున్నాడు. మెడ దగ్గర పాలవాసన. వాడు నాయన చొక్కా గుండీ పట్టుకుని, వదల్లేదు.

కూర గిన్నె ఒక చేత్తో, బట్టసంచి ఒక చేత్తో సారమ్మ వచ్చింది. సంచి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "నీ చొక్కాలు రెండు, నశ్యం డబ్బీ. పో, నాలుగు దినాలుండి రా."

"నేనెప్పుడొస్తానన్యా?"

"అన్లేదు. నువ్వు అనవని తెలిసే నిన్ననే సర్దిపెట్టినా."

దావీదు మామ సంచికేసి చూశాడు, కారుకేసి చూశాడు. వంగి రాళ్ళు తీసి, పంచె దులిపాడు. చౌడు వేసి ఉతుకుతా ఇట్ల తే అని సారమ్మ చెయ్యి చాపితే ఇవ్వలేదు. మచ్చ లోపలికి వచ్చేటట్టు నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుని, వెనక సీటెక్కి, పిల్లోడిని ఇట్లియ్యండి అన్నాడు.

"పంచె ఎందుకు నాయనా, నంద్యాలకు?" అంది జీవమ్మ.

"ఆడ గూడా పరిచి చూడాల గదా" అన్నాడు దావీదు మామ, మనవడి తల సర్దుకుంటూ. "గంట ఏం సాలుతాది? నెల రోజులన్నా చూడాల."

జకరయ్య హ్యాండిలు తిప్పడానికి ముందుకు పోయాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.